గోపీ సార్‌ని వదిలి సైనా వెళ్లింది.. తర్వాత సింధూ వెళ్లింది! ఆ గాయం ఎందుకు మానట్లేదు?

విశాఖ ఆరిలోవలో పీవీ సింధు బ్యాడ్మింటన్ అకాడమీకి 2024 నవంబర్‌లో భూమిపూజ జరిగిన సంగతి తెలిసిందే. శ్రీకాకుళం నుంచైనా, విజయనగరం నుంచైనా పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. అందుకే ఇక్కడ పిల్లల చేతికి రాకెట్ ఇచ్చిన తల్లిదండ్రులకు అది ఆశ పుట్టించే వార్త. ఇన్నాళ్లూ బ్యాడ్మింటన్ అంటే హైదరాబాద్.. హైదరాబాద్ అంటే గచ్చిబౌలి.. గచ్చిబౌలి అంటే పుల్లెల గోపీచంద్. అంతే లెక్క.

కానీ ఒక్క నిమిషం ఆగండి. గోపీచంద్ దగ్గర చిన్నప్పటి నుంచి పెరిగిన అమ్మాయే సింధు. 2016లో రియోలో వెండి పతకం గెలిచినప్పుడు కోర్టు పక్కన కూర్చున్నది ఆయనే. అలాంటిది ఇవాళ గురువుది ఒక దారి, శిష్యురాలిది ఇంకో దారి. అంతకు ముందు సైనా నెహ్వాల్‌దీ ఇదే కథ. ఇంతకీ ఏం జరిగింది? తప్పు ఎవరిది? పిల్లల్ని ఏదో ఒక సార్ చేతిలో పెట్టే ముందు మన దగ్గరి అమ్మానాన్నలకు కూడా పనికొచ్చే కథ ఇది.

సైనా బ్యాగు సర్దుకున్న రోజు..

2014 సెప్టెంబర్. ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ ఇంకొద్ది రోజుల్లో మొదలవుతాయి. సరిగ్గా ఆ టైమ్‌లో సైనా హైదరాబాద్ వదిలి బెంగళూరు వెళ్లింది. ప్రకాష్ పదుకొనె అకాడమీలో విమల్ కుమార్ దగ్గర ప్రాక్టీస్ మొదలుపెట్టింది. మొదట్లో అందరూ ఇదేదో కొన్నాళ్ల ముచ్చట అనుకున్నారు. ఎందుకంటే 2011లో కూడా ఆమె ఒకసారి వేరే కోచ్ దగ్గరికి వెళ్లి, కొన్ని నెలలకే తిరిగి వచ్చింది. ఈసారి మాత్రం మూడేళ్లు రాలేదు.

వెళ్లడానికి కారణం ఏంటి? అప్పటి పరిస్థితి గుర్తు చేసుకుంటే అర్థమవుతుంది. 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన సైనా దేశం మొత్తానికి స్టార్. సరిగ్గా ఏడాది తర్వాత, 2013లో, అదే అకాడమీలో ఆడుతున్న 18 ఏళ్ల సింధు వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం కొట్టింది. 2014లో మళ్లీ కొట్టింది. ఆ టోర్నీలో సైనా క్వార్టర్ ఫైనల్స్‌లోనే ఆగిపోయింది. పక్క కోర్టులో ఇంకో అమ్మాయి ఎదుగుతోంది.. సార్ ఒక్కరే.. రోజుకి గంటలు అవే. సైనాకి ఎలా అనిపించి ఉంటుందో మీరే చెప్పండి.

వెళ్లాక ఏమైందో కూడా చూడాలి. రెండు నెలలకే చైనా ఓపెన్ గెలిచింది. 2015లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ చేరింది. అదే ఏడాది మార్చిలో వరల్డ్ నంబర్ వన్ అయింది. ఆ ర్యాంకు అందుకున్న తొలి భారత మహిళ ఆమే. ఆగస్టులో జకార్తాలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ వెండి. అంటే కోచ్‌ని మార్చడం తప్పు అని ఆటపరంగా ఎవరూ అనలేని పరిస్థితి. గురువుకి అసలు నొప్పి అక్కడే మొదలై ఉంటుందని నా అనుమానం. శిష్యురాలు వెళ్లి ఓడిపోతే 'చెప్పానా' అనుకోవచ్చు. వెళ్లి నంబర్ వన్ అయితే ఏమనుకోవాలి?

ఆరేళ్లకు బయటపడిన మాట

గోపీచంద్ ఆ రోజుల్లో బయట పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఆయన తీరే అంత. కానీ 2020 జనవరిలో బోరియా మజుందార్, నళిన్ మెహతా రాసిన 'డ్రీమ్స్ ఆఫ్ ఎ బిలియన్' పుస్తకం వచ్చింది. అందులో ఆయన మనసు విప్పారు. సైనా వెళ్లిపోతుంటే తనకి బాగా దగ్గరి మనిషిని ఎవరో తీసుకెళ్లిపోయినట్టు అనిపించిందని చెప్పారు. వెళ్లొద్దని బతిమాలారట. అప్పటికే ఆమె వేరేవాళ్ల మాట విని నిర్ణయం తీసేసుకుందని ఆయన బాధ. అంతే కాదు.. తన మీద ప్రకాష్ పదుకొనె ఎప్పుడూ ఒక్క మంచి మాట కూడా ఎందుకు అనలేదో అర్థం కాదని కూడా అన్నారు.

దీంతో పెద్ద దుమారం రేగింది. సైనా రావడంలో తమ ప్రమేయమేమీ లేదని పదుకొనె అకాడమీ ప్రకటన ఇచ్చింది. వార్తలన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

కానీ నా దృష్టిలో ఆ పుస్తకంలో అసలు వార్త అది కాదు. గోపీచంద్ ఒప్పుకున్న ఇంకో విషయం ఉంది. 2012 నుంచి 2014 మధ్య సింధు బాగా ఎదిగిందని, తనకి చూసుకోవాల్సిన మిగతా ప్లేయర్లు కూడా ఉన్నారని చెప్పారు. సైనాని పక్కన పెట్టాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదని, బహుశా ఆ మాట ఆమెకి అర్థమయ్యేలా చెప్పలేకపోయానేమో అని అన్నారు. ఒక కోచ్ నోట ఇలాంటి మాట రావడం మామూలు విషయం కాదు. ఆరేళ్ల గొడవని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇద్దరూ రోజూ ఒకే గోడల మధ్య ఉన్నారు, చెప్పాల్సిన మాట మాత్రం చెప్పుకోలేదు.

తిరిగొచ్చింది.. కానీ!

2016 రియోలో సైనా మోకాలి గాయంతోనే ఆడి గ్రూప్ దశలోనే బయటికొచ్చింది. సింధు వెండితో వచ్చింది. 2017 సెప్టెంబర్‌లో సైనా మళ్లీ గోపీచంద్ అకాడమీలో అడుగుపెట్టింది. తనని నంబర్ వన్ చేసిన విమల్ సార్‌కి థాంక్స్ చెప్పి మరీ వచ్చింది. విడిపోవడం ఎలా ఉండాలో చూపించింది విమల్, సైనాలే అనిపిస్తుంది. దాని మీద ఎవరూ స్టోరీలు రాయలేదు, గొడవ లేదు కదా మరి!

2018 ఏప్రిల్ 15. గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్ ఫైనల్. ఒకవైపు సైనా, ఇంకోవైపు సింధు. ఇద్దరూ గోపీ సార్ శిష్యులే. ఇద్దరూ మనవాళ్లే ఆడుతుంటే కోచ్ ఎవరి వెనకా కూర్చోకుండా ఉండటం మామూలు పద్ధతి. సైనా 21-18, 23-21తో గెలిచింది. ఆ రోజు మా హాస్టల్లో ఫోన్ మీద ఐదుగురం పడి చూశాం. ముగ్గురం సింధు పార్టీ, ఇద్దరు సైనా పార్టీ. మ్యాచ్ అయ్యాక ఒకడు అడిగాడు.. 'ఏటిరా, ఇప్పుడు గోపీచంద్ నవ్వాలా, ఏడవాలా?' అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే అదే అసలు ప్రశ్న.

ఇక సింధు వంతు

రియోకి ముందు మూడు నెలలు సింధు చేతిలో ఫోన్ లేదు. సార్ తీసేసుకున్నారు. ఐస్‌క్రీమ్ కూడా వద్దన్నారు. ఫైనల్ అయ్యాకే ఆ రెండిటికీ అనుమతి దొరికింది. ఈ విషయం గోపీచంద్ స్వయంగా చెప్తే దేశమంతా మురిసిపోయింది, గురువంటే ఇలా ఉండాలి అంది. 21 ఏళ్ల అమ్మాయికి అది నచ్చి ఉండొచ్చు. కానీ వరల్డ్ ఛాంపియన్ అయ్యాక కూడా అదే పద్ధతి నడుస్తుందా?

2019 ఆగస్టులో బాసెల్‌లో ఒకుహరని 21-7, 21-7తో చిత్తు చేసి సింధు వరల్డ్ ఛాంపియన్ అయింది. అప్పుడు ఆమెతో పనిచేస్తున్న కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్ పేరు కూడా గట్టిగా వినిపించింది. 2020 అక్టోబర్‌లో సింధు లండన్ వెళ్లింది. అప్పుడే ఆమె తండ్రి పీవీ రమణ మీడియా ముందు ఓపెన్ అయ్యారు. 2018 ఏషియన్ గేమ్స్ తర్వాత గోపీ తన కూతురి ప్రాక్టీస్ మీద శ్రద్ధ పెట్టలేదన్నది ఆయన మాట. సింధు మాత్రం గోపీ సార్‌తో కానీ, అకాడమీతో కానీ తనకి ఏ గొడవా లేదని ట్వీట్ చేసింది. తండ్రి ఒకటి, కూతురు ఒకటి! ఎవరి మాట నమ్మాలో జనానికి అర్థం కాలేదు.

ఆ తర్వాత జరిగింది చూస్తే మాత్రం కొంత అర్థమవుతుంది. హైదరాబాద్ తిరిగొచ్చిన సింధు అకాడమీకి వెళ్లలేదు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో కొరియా కోచ్ పార్క్ తే సాంగ్‌తో ప్రాక్టీస్ చేసింది. గోపీచంద్ టోక్యో వెళ్లలేదు. తన స్థానాన్ని ఇండోనేషియా కోచ్ అగుస్ ద్వి సాంటోసోకి ఇచ్చేశారు. 2021 ఆగస్టు 1న సింధు కాంస్యం గెలిచినప్పుడు కోర్టు పక్కన ఉన్నది పార్క్. గోపీ సార్ అభినందిస్తూ మెసేజ్ పెట్టారని, సైనా నుంచి మాత్రం ఏమీ రాలేదని, తమ మధ్య పెద్దగా మాటల్లేవని సింధు తర్వాత చెప్పింది. ఒకప్పుడు ఒకే కోర్టులో చెమటోడ్చిన ముగ్గురి మధ్య చివరికి మిగిలింది ఒక మెసేజ్.

ఇంకో విచిత్రం.. 2023లో పార్క్‌తోనూ సింధు దారి వేరైంది. పారిస్ ఒలింపిక్స్ కోసం ఎక్కడికి వెళ్లిందో తెలుసా? బెంగళూరు. ప్రకాష్ పదుకొనె దగ్గరికి!

గోపీచంద్ కూడా అలా వెళ్లినవారే..

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. ఆటగాడిగా గోపీచంద్ కూడా ఒక్క గురువు దగ్గరే ఉండిపోలేదు. హైదరాబాద్‌లో ఎస్ఎం ఆరిఫ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత బెంగళూరులో ప్రకాష్ పదుకొనె అకాడమీలో ఆడారు. ఆ తర్వాత గంగూలీ ప్రసాద్ దగ్గర సాధన చేశారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. సైనా కూడా ఆరిఫ్ చేతి నుంచే గోపీచంద్ దగ్గరికి వచ్చింది. మరి ఆరిఫ్ సార్ ఎవరిని అడగాలి?

అయితే గోపీచంద్ విషయంలో ఒక తేడా ఉంది, అది ఒప్పుకోవాలి. ఆయనకి బ్యాడ్మింటన్ నేర్పడం ఉద్యోగం కాదు. అకాడమీ కోసం సొంత ఇల్లు తాకట్టు పెట్టిన మనిషి. 2008 నుంచి అక్కడ తెల్లారకముందే కోర్టులోకి దిగే మనిషి. అంత పెట్టినవాడికి శిష్యులు పిల్లల్లాగే కనిపిస్తారు. పిల్లలు ఇల్లు వదిలితే బాధే కదా.

కానీ ఆయన 2006 నుంచి దేశానికి చీఫ్ కోచ్ కూడా. అంటే సైనా బెంగళూరు వెళ్లినా టోర్నమెంట్లలో జాతీయ జట్టు కోచ్ ఆయనే! సొంత అకాడమీ, జాతీయ జట్టు.. రెండు తాళాలూ ఒకరి దగ్గరే ఉంటే, అకాడమీ మారడం కూడా తిరుగుబాటులా కనిపిస్తుంది. డబుల్స్‌ని పట్టించుకోలేదని జ్వాలా గుత్తా ఏళ్ల తరబడి మాట్లాడింది కూడా ఈ వ్యవస్థ మీదే. విదేశీ టెన్నిస్ స్టార్లు సీజన్‌కో కోచ్‌ని మార్చినా ఎవరూ ద్రోహం అనరు. అక్కడ కోచ్‌ని పెట్టుకునేదీ, జీతం ఇచ్చేదీ ప్లేయర్. మన దగ్గర గురువు అంటే దండం పెట్టాలి, వదిలి వెళ్తే పాపం. అసోసియేషన్ మాత్రం ఏ కాగితం మీదా ఏమీ రాయదు.. ఎన్ని గంటలు ఇస్తారు, ఇద్దరు స్టార్లుంటే రెండో వాళ్లకి ఎవరు, మారాలంటే ఎలా అని. తప్పు ఎవరిది అంటే నా ఓటు దీనికే.

మన జిల్లాల్లో ఈ కథకి ఇంకో వైపు

గోపీచంద్‌కి కనీసం పేరుంది. బాధ చెప్పుకుంటే పుస్తకంలోకి ఎక్కింది. మన దగ్గర తొలి గురువుల సంగతేంటి? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో చిన్న వయసులో బార్‌బెల్ పట్టిన కరణం మల్లీశ్వరికి మొదట నేర్పింది నీలంశెట్టి అప్పన్న. 2000 సిడ్నీలో ఆమె 240 కేజీలతో కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ అయ్యింది. ఆ క్షణంలో టీవీల్లో కనిపించింది విదేశీ కోచ్ లియోనిడ్ తరనెంకో పేరు. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వెళ్లి 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో పతకం తెచ్చిన మత్స సంతోషి పేరు చాలామందికి గుర్తుంది. ఆ ఊళ్లో ఆమెకి మొదట బరువు ఎత్తడం చూపించిందెవరో ఎంతమంది అడిగారు?

ఊళ్లో నేర్చుకున్న పిల్ల బాగా ఎత్తితే స్పోర్ట్స్ హాస్టల్ తీసుకుంటుంది. అక్కడ బాగా ఎత్తితే నేషనల్ క్యాంప్ తీసుకుంటుంది. అలా వెళ్లకపోతే ఆ పిల్లకి భవిష్యత్తు లేదు. ఈ సంగతి ఊరి కోచ్‌కే అందరికంటే ముందు తెలుసు. చాలాసార్లు అప్లికేషన్ నింపి, రైలెక్కించేదీ ఆయనే. ఆయనకి కావాల్సిందల్లా పతకం వచ్చిన రోజు ఒక ఫోన్ కాల్, మైక్ ముందు ఒక్కసారి తన పేరు. మా లాంటి ఛానళ్లు కూడా ఆ ప్రశ్న అడగం. పతకం రాగానే ఇంటి ముందు కెమెరా పెట్టి అమ్మానాన్నల బైట్ తీసుకుని వచ్చేస్తాం.

అందుకే ఆరిలోవ వైపు చూస్తున్న తల్లిదండ్రులు కోర్టులు ఎన్ని, ఫీజు ఎంత అనే కాకుండా ఇంకోటి కూడా అడగండి. మా పాపకి రోజూ ఎవరు నేర్పుతారు, ఎన్ని గంటలు, నచ్చకపోతే ఎవరితో మాట్లాడాలి? మీ ఊళ్లో మొదట రాకెట్ పట్టించిన సార్‌కి చెప్పే వెళ్లండి.

సింధు అకాడమీ నడక మొదలయ్యాక అక్కడా ఒక స్టార్ పుడుతుంది. ఆ పక్క కోర్టులో ఇంకో చిన్నది ఎదుగుతుంది. ఏదో ఒక రోజు ఆ స్టార్ వచ్చి 'మేడమ్, నేను వెళ్తున్నాను' అంటుంది. ఆ రోజు సింధు ఏమంటుందో వినాలని ఉంది.