సంతకము లేని అప్పగింత



రిజిస్టర్డు ఉత్తరము చేతులు మారిన ప్రతిసారీ సంతకము పడవలసినదే. సీలు తెగిన వ్యాగను కనబడినచో, ఎవరి డ్యూటీలో తెగినదో తేలువరకు సంజాయిషీలు తప్పవు. ఉత్తరమునకున్న ఈ లెక్క ప్రాణాంతకమైన రేడియోధార్మిక పదార్థమునకు లేకపోయిన ఏమనవలెను?

ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగము 1968లో కోబాల్టు-60 గల గామా యంత్రమును కొన్నది. 1985 తరువాత దానిని వాడలేదు. పాతికేండ్లు మూలపడియున్న ఆ యంత్రమును 2010 ఫిబ్రవరిలో వేలము వేసినారు. అది మాయాపురి తుక్కు బజారునకు చేరినది. అచట దానిని విప్పినారు. ఎనిమిదిమంది వికిరణమునకు గురియై ఆసుపత్రి పాలైనారు; వారిలో ఒకరు ఏప్రిల్‌లో మరణించినారు. కోబాల్టు-60 తీవ్రత సుమారు ఐదేండ్ల మూడు నెలలకొకసారి సగమగును. ఎనిమిదిసార్లు సగమైన పిదప కూడ అది మనిషిని చంపినది!

తుక్కు కార్మికుల అజ్ఞానమే కారణమని అనువారున్నారు. తెలిసినవారు చెప్పకపోవుట అజ్ఞానమా, నేరమా? అనుమతి లేనిదే రేడియోధార్మిక వ్యర్థములను ఎవరును పారవేయరాదని 1987 నాటి నియమములు శాసించుచున్నవి. ఆ నియమములు చదువవలసినది తుక్కు కొట్టువాడా, విశ్వవిద్యాలయమా?

నిజమునకు పరిశోధనశాలల వ్యర్థములలో అధికభాగము స్వల్ప తీవ్రత గలదే: చేతి తొడుగులు, సీసాలు, అద్దుడు కాగితములు. ఫాస్ఫరసు-32 పద్నాలుగు దినములకు సగమగును. ఐదు మాసములు తాళము వేసి ఉంచిన వెయ్యవ వంతునకు తగ్గును. దీర్ఘకాలము నిలుచు వాటిని అధీకృత సంస్థకు అప్పగించవలెను. ఇందులకు కావలసినది ఒక గది, ఒక తాళము, ఒక రిజిస్టరు, శిక్షణ పొందిన ఒక పర్మనెంటు ఉద్యోగి. నిధులు లేవను సాకు ఇచట చెల్లదు. చార్జి అప్పగింత లేకుండ ప్రొఫెసరు రిటైరైనచో, బీరువాలో ఏమున్నదను జ్ఞానము కూడ ఆయనతోనే పోవును. మిగిలిన ప్రమాదము ఊడ్చువాని చేతికి, మోయువాని భుజమునకు వచ్చును.

కావున మన డిమాండ్లు స్పష్టము. కొన్న దినము నుండి తుది అప్పగింత వరకు ప్రతి రేడియోధార్మిక వస్తువునకు సంతకముతో కూడిన లెక్క ఉండవలెను. భద్రతాధికారి తనిఖీ చేయనిదే ప్రయోగశాల సామాను వేలము వేయరాదు. భద్రతా సంఘములలో నాలుగవ తరగతి ఉద్యోగుల ప్రతినిధికి స్థానమీయవలెను. తాను మోయుచున్నది ఏమో తెలిసికొను హక్కు ప్రతి కార్మికునికి ఉండవలెను.

పార్సిళ్లు, సంచులు మోయు మనకు ఈ హక్కు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. దీనికై అన్ని రంగముల కార్మికులతో కలిసి గొంతెత్తుదము!