విత్తని చేను

2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాలను బీడు పెట్టిరి. నీరు లేక కాదు. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు గోదావరి నీరు చేలగట్ల ప్రక్కనే పారుచుండెను. మురుగుకాల్వలు పూడి చేలు మునుగుచుండగా, పండినదానికి పెట్టుబడియైనను తిరిగి రాదని వారు లెక్క చూచుకొనిరి. ఆ యేడు సాధారణ రకపు ధాన్యమునకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. ఈ మానుటకే ‘పంట విరామ’మని పేరు వచ్చినది. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను.

నష్టపడియైనను సేద్యము చేయుమని రైతును నిర్బంధించు హక్కు ఎవరికిని లేదు. కార్మికుని సమ్మె న్యాయమన్నవారు దీనిని అన్యాయమనజాలరు. అయితే ఆ నిర్ణయము ఎవరిది? డెల్టాలో దున్నువారిలో పెక్కుమంది కౌలుదార్లు. వారి కౌలు చాలవరకు నోటిమాట. కొబ్బరితోటయో, ఇంట నొక ఉద్యోగమో ఉన్న భూస్వామికి ఒక పంట పోయినను పొయ్యి ఆరదు. నాట్లు వేయు ఆడకూలీలకు ఆ సార్వాయే ఆధారము. బీడు పెట్టుటకు వారి సమ్మతి ఏ సభలో లెక్కకు వచ్చును?

2011లోనే వచ్చిన చట్టము కౌలుదారునకు రుణార్హత పత్రము నిచ్చెను. దాని స్థానమున వచ్చిన 2019 చట్టము పదునొకండు నెలల ఒప్పందమును, దానిపై భూయజమాని సంతకమును కోరెను. సంతకము పెట్టిన భూమి చేజారునేమో యని యజమానులు జంకిరి. పత్రము లేనివానికి బ్యాంకు అప్పు గాని, పంటనష్ట పరిహారము గాని అందుట కష్టము. అట్టివానికి విత్తుటలోను స్వేచ్ఛ లేదు, మానుటలోను లేదు. 2022లో కోనసీమలో పంట విరామపు మాట మరల లేచిన నాటికిని ఈ సంతకపు చిక్కు అట్లే యుండెను.