ఫొటో కింద పేరు

ఫొటోల కోసమని కథానిలయానికి ఎవరూ వెళ్లరు. పాత పత్రికలు తిరగేయడానికి వెళ్తారు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో దాన్ని నెలకొల్పింది కూడా తెలుగు కథలన్నిటినీ ఒక్కచోట చేర్చాలనే. అయినా గోడల మీది కథకుల ఫొటోలు చూస్తూ నిలబడితే, ఉత్తరాంధ్రకు ఉన్న ఫొటో మ్యూజియం ఇదేననిపిస్తుంది.

పాతతరం రచయితలు విడిగా ఫొటో దిగడం తక్కువ. ఏ పెళ్లిలోదో, కాలేజీ గ్రూపుదో సంపాదించి, పక్కవాళ్లను కత్తిరించి ఎన్‌లార్జి చేయిస్తారు. ముఖం కాస్త అలుక్కుపోతుంది. ఒక్కోసారి చెవి పక్కన ఇంకెవరిదో భుజం ముక్క మిగిలిపోతుంది. స్టూడియోలో టచప్ చేసి మచ్చలన్నీ చెరిపేసిన ముఖం కంటే ఆ భుజం ముక్క ఉన్న ఫొటోయే మాకు అందంగా కనిపిస్తుంది. ఆ మనిషి నలుగురిలో ఉన్నవాడని అది చెబుతుంది.

సంస్థానాల రాజులు దర్బారు దుస్తుల్లో దిగిన ఫొటోలకు మన దగ్గర లోటు లేదు. వాళ్ల పేర్లు, బిరుదులు అన్నీ దొరుకుతాయి. అదే ఖద్దరుకు పేరున్న పొందూరు సంగతి చూడండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, సన్నని నూలు వడికే ఆడవాళ్ల ఫొటోలు క్యాలెండర్లలో, ప్రదర్శనల్లో ఎన్నో చూశాం. వెలుగు చక్కగా పడుతుంది, చేతి ముడతలు కూడా లెక్కపెట్టవచ్చు. కింద మాత్రం ‘పొందూరు ఖద్దరు’ అనే ఉంటుంది. బట్టకు పేరుంది, వడికిన మనిషికి లేదు. ఇదెక్కడి సౌందర్య దృష్టి?

రామారావు మాస్టారి ‘యజ్ఞం’ కథలో అప్పల్రాముడి లాంటి రైతుకూలీలు ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని జడిసినవాళ్లు. రేషన్ కార్డు కోసం తప్పనిసరై దిగిన ఒక్క ఫొటోనే, పోయాక పటం కట్టించి దండ వేస్తారు. 2018లో తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్ని ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయో తెలిసిందే. అలా తడిసిన పటంలో ఫొటో అద్దానికి అతుక్కుపోతే లాగకూడదు, పైపొర ఊడి ముఖమే పోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించాలి.

సంక్రాంతికి అందరూ ఊళ్లు చేరతారు కదా. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఆల్బమ్‌లో ఎవరెవరో అడిగి, ఫొటోల వెనక పేర్లు రాయండి. బాల్‌పెన్ను వద్దు, గట్టిగా నొక్కితే అచ్చు ముందువైపు పడుతుంది. మెత్తటి పెన్సిల్ చాలు.