నిజాంపట్నం నెట్‌కు రెండో దారి కావాలి

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున నిజాంపట్నం హార్బర్‌లో ప్రమాద సూచిక ఎగరేసినంత మాత్రాన పని అయిపోదు. ఏ బోటు వెనక్కి వచ్చింది, ఎవరు తుపాను షెల్టర్‌కు చేరారు, ఎక్కడ మందులు నిండుకున్నాయి అన్న కబురు బాపట్ల కలెక్టరేట్‌కు గంట గంటకూ అందాలి. ఈ కబుర్లన్నీ ఇప్పుడు నడిచేది నెట్ మీదే. ఈదురుగాలికి ముందుగా ఒరిగేవి కరెంటు స్తంభాలు. ఫైబర్ తీగ వేలాడేది కూడా చాలాచోట్ల వాటి మీదే.

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నేల తవ్వకుండా స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల తీగ లాగింది. తక్కువ ఖర్చుతో పల్లెలకు నెట్ చేర్చిన మంచి పని అది. అయితే 1977 నవంబరు 19 ఉప్పెన, 1990 మే తుపాను చూసిన తీరానికి ఆ ఒక్క ఏర్పాటూ చాలదు.

ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో ఒక్క పోర్టు నుంచి బయలుదేరిన పోగు స్ప్లిటర్ల దగ్గర చీలి 32 లేదా 64 కనెక్షన్లవుతుంది. వీధి చివర తెగితే ఒక ఇంటికే ఇబ్బంది. మొదట్లోనే తెగితే అందరికీ చీకటే. అందుకే మొదటి కోరిక: నిజాంపట్నానికి రేపల్లె వైపు నుంచి ఒక తీగ, బాపట్ల వైపు నుంచి మరో తీగ రావాలి. రెండూ ఒకే స్తంభాల వరస మీద, ఒకే వంతెన మీదుగా వస్తే అవి కాగితం మీదే రెండు. కనీసం ఒకదాన్ని భూమిలో పాతాలి.

దారులు రెండున్నంత మాత్రాన చాలదు, వాటిని మార్చే యంత్రమూ సిద్ధంగా ఉండాలి. రౌటర్లు ఒకదానికొకటి పలకరింపులు పంపుకునే ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్‌లో మామూలు అమరిక ప్రకారం పలకరింపు 10 సెకన్లకోసారి వెళ్తుంది. 40 సెకన్లు జవాబు లేకపోతే ఆ దారి పోయినట్టు లెక్కగట్టి రౌటర్ రెండో దారి పడుతుంది. మనిషి వెళ్లి తిప్పనక్కర్లేదు.

ఇది సాధ్యమయ్యేది ప్రోటోకాళ్లను పొరలుగా కట్టడం వల్ల. ఐసులో పెట్టి మూతేసిన చేపల పెట్టె ఆటోలో వెళ్లినా లారీలో వెళ్లినా లోపలి సరుకు మారదు. అలాగే ఐపీ ప్యాకెట్‌కు కింద ఉన్నది ఫైబరా, మైక్రోవేవ్ డిష్షా, ఉపగ్రహమా అన్నది పట్టదు. 1981లో రాతకెక్కిన ఐపీ ప్రమాణం గొప్పతనమదే. కాబట్టి తీగలు రెండూ తెగిన రాత్రికి హార్బర్‌లోనూ మండల కార్యాలయంలోనూ చిన్న మైక్రోవేవ్ లేదా ఉపగ్రహ లింకు ఉంచాలి. వేగం తక్కువైనా పేర్ల జాబితా, వైద్యుడి సందేశం వెళ్తే చాలు.

యంత్రం కొనేటప్పుడు ధర ఒక్కటే చూడొద్దు. రెండు పవర్ సప్లై మాడ్యూళ్లుండాలి. ఒకటి కరెంటుకు, ఇంకోటి బ్యాటరీలకు. రౌటర్ ఆపకుండానే పాడైన మాడ్యూల్ ఊడదీసి కొత్తది బిగించగలగాలి. రేపల్లె నుంచి నిజాంపట్నానికి ఇరవై కిలోమీటర్ల పైమాటే. చవగ్గా దొరికే 10 కి.మీ. ఆప్టికల్ మాడ్యూల్ అంత దూరం వెలుగు మోయలేదు, 40 కి.మీ.ది కావాలి. ఉప్పుగాలి సర్క్యూట్ బోర్డులను తినేస్తుంది గనుక యంత్రాన్ని మూసిన పెట్టెలో, ఉప్పెన నీళ్లు చేరని పై అంతస్తులో పెట్టాలి. అదనపు మాడ్యూళ్లు విజయవాడ గోదాములో కాదు, రేపల్లెలోనే ఉండాలి.

ఇవన్నీ బిగించడానికి అనువైన కాలం కూడా ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంతో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజుల్లో పని ముగించి, అక్టోబరు తుపాన్ల కాలానికి ముందు బోటు యజమానులు, సర్పంచులు చూస్తుండగా ఒక్కో తీగ ఊడదీసి పరీక్షించాలి. ఏ తీగ ఎటు వస్తోందో, పరీక్షలో నెట్ ఎన్ని సెకన్లకు తిరిగొచ్చిందో పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాలని జిల్లా యంత్రాంగాన్నీ, ఫైబర్‌నెట్ సంస్థనూ ఈ కరపత్రం అడుగుతోంది.