గిల్లుకునే చేతికి వేరే పని

జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో స్టెఫెన్ మోరిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. గోళ్లు కొరుక్కునేవాళ్లు, జుట్టు పీక్కునేవాళ్లు, చర్మం గిల్లుకునేవాళ్లు కలిపి 268 మంది అందులో పాల్గొన్నారు. వాళ్లలో కొందరికి ఒక చిన్న పుస్తకం, ఒక వీడియో ఇచ్చారు. అందులో నేర్పింది చాలా చిన్న సంగతి: వేలి కొసలనో, అరచేతినో, చేతి వెనక వైపునో మెల్లగా నిమరడం. రోజూ సాధన చేయాలి, గిల్లుకోవాలనిపించినప్పుడల్లా అదే చేయాలి. ఆరు వారాల తర్వాత చూస్తే వీళ్లలో 53 శాతం మందికి ఎంతో కొంత మెరుగైంది. ఇంకా ఏమీ నేర్పకుండా ఆపి ఉంచినవాళ్లలో అది 20 శాతం. ఎక్కువ లాభం పొందింది గోళ్లు కొరుక్కునేవాళ్లు. చర్మం గిల్లుకునేవాళ్లకు ఇదొక్కటే సరిపోతుందని ఎవరూ అనలేదు. నాకు మాత్రం ఈ అంకెల కన్నా, అది అచ్చయిన చోటు ముఖ్యంగా తోచింది. మానసిక వైద్యుల పత్రికలో కాదు, చర్మవైద్యులు చదివే ‘జామా డెర్మటాలజీ’లో వచ్చింది.

మన దగ్గర చర్మం గిల్లుకునే బాధ చర్మవైద్యుడి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. మొటిమలు గిల్లి గిల్లి బుగ్గలు నల్లబడ్డ అమ్మాయి, భుజాల మీద పుండు పక్కు కట్టగానే పీకేసుకునే కుర్రాడు మచ్చలకు క్రీము రాయించుకుని వెళ్తారు. అంతకుముందే మందుల షాపులో చీటీ లేకుండా స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని, రాసి, చర్మాన్ని ఇంకా పాడుచేసుకున్నవాళ్లూ ఉంటారు. ఆ మచ్చలు తన చేతివల్లే పడుతున్నాయని మనిషి చెప్పడు, డాక్టరుకు అడగడానికి తీరికుండదు. ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కా, ముఖానికి చుట్టిన చున్నీ, పెళ్లిళ్లకు వెళ్లకుండా చెప్పే సాకులు: ఎంత సిగ్గు పడుతున్నారో వీటిలో కనిపిస్తుంది. ఇంట్లో రోజంతా ఒకటే మాట. “చెయ్యి తియ్యి. పెళ్లి కావలసిన పిల్లవి, ముఖం ఎలా చేసుకున్నావో అద్దంలో చూసుకో.” పాపం, ఆ అద్దం ముందే అరగంట గడిచిపోతోందని ఆ తల్లికి తెలియదు.

ఇది మొండితనం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. ఇంగ్లండులో చర్మవైద్యుడు ఎరాస్మస్ విల్సన్ 1875లోనే దీన్ని గుర్తించి రాశాడు. ఫ్రాన్సులో లూయీ బ్రాక్ 1898లో మొటిమలు గిల్లుకునే యువతుల గురించి రాశాడు. అయినా అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో దీనికి ప్రత్యేక స్థానం ఇచ్చింది 2013లో. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలోనూ ఇది ఉంది. అమెరికాలో పదివేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగి చేసిన సర్వేలో నూటికి ఇద్దరికి ఇది ఉన్నట్టు తేలింది. మన ఊళ్లలో ఇంతకన్నా తక్కువుంటుందని అనుకోవడానికి నాకు కారణమేదీ కనబడదు.

చికిత్సకు మూలం 1973 నాటిది. అమెరికాలో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు, గోళ్లు కొరకడం, కనురెప్పల వెంట్రుకలు పీక్కోవడం లాంటి అలవాట్లున్న 12 మందితో ఒక పద్ధతి పరీక్షించారు. ‘హ్యాబిట్ రివర్సల్’ అని దానికి పేరు. మొదటి పని, చెయ్యి ఎప్పుడు బయల్దేరుతోందో పట్టుకోవడం. చాలామందికి అది తెలియనే తెలియదు. టీవీ చూస్తూనో, పరీక్షకు చదువుతూనో, ఫోను మాట్లాడుతూనో ఉంటారు. వేళ్లు వాటంతటవే చర్మం మీద గరుకు వెతుక్కుంటాయి. ఆ గరుకు తగిలిందంటే ఇక ఆగదు. కాబట్టి గిల్లే క్షణాన్ని కాదు, వెతికే క్షణాన్ని గుర్తుపట్టడం నేర్పుతారు. మరికొందరు తెలిసే చేస్తారు. మనసులో ఒత్తిడి పెరిగినప్పుడు తలుపు గడియ పెట్టుకుని, వెలుతురు బాగా పడే అద్దం ముందు నిలబడతారు. గిల్లాక కాసేపు హాయి, తర్వాత ఏడుపు. ఇలాంటివాళ్లకు బాత్‌రూమ్ బల్బు మార్చడం, దగ్గరగా చూపే చిన్న అద్దం తీసేయడం, పుండు మీద హైడ్రోకొల్లాయిడ్ ప్యాచ్ అంటించడం కూడా చికిత్సలో భాగమే.

రెండో పని, చేతికి గిల్లడం కుదరని వేరే పని ఇవ్వడం. పిడికిలి బిగించి, ఆ తహతహ తగ్గేదాకా ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచడం. తరగతిలో కూర్చున్నా, ఆఫీసు మీటింగులో ఉన్నా పక్కవాళ్లకు తెలియకుండా చేయగలిగేదై ఉండాలి.

మనం ఎక్కువగా నేర్చుకోవలసింది మూడోదని నా నమ్మకం. అజ్రిన్, నన్ ఇంట్లోవాళ్లను కూడా చికిత్సలో కలిపారు. ఇంటి మనిషి పని పోలీసు పని కాదు. చెయ్యి ఆగినప్పుడు గమనించి మెచ్చుకోవాలి, మరిచిపోయినప్పుడు ముందే ఒప్పుకున్న సైగతో నెమ్మదిగా గుర్తుచేయాలి. మన ఇళ్లలో అమ్మ, అమ్మమ్మ, అక్క, పిన్ని, చూసే కళ్లకు కొదవ లేదు. హాంబర్గ్‌లో ఒంటరిగా అద్దె గదిలో ఉండే విద్యార్థికి దొరకని సాయం ఇది. దాన్నంతా మనం తిట్టడానికి ఖర్చుపెడుతున్నాం. తిట్టు తిన్న పిల్లకు ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే చెయ్యి మళ్లీ ముఖం మీదికే పోతుంది.

అమెరికాలో ఈ బాధ గురించి మాట్లాడుకోవడానికి చోటు కూడా బాధితులే కట్టుకున్నారు. జుట్టు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం రెండూ అనుభవించిన క్రిస్టినా పియర్సన్ 1991లో కాలిఫోర్నియాలోని సాంటా క్రూజ్‌లో ఒక సంస్థ పెట్టింది. అది జరిపిన సమావేశాలకు తల్లిదండ్రులు పిల్లలను తీసుకొచ్చేవారు. తమలాంటివాళ్లను అంతమందిని ఒకేచోట చూడటం ఆ పిల్లలకు ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

ఇక మందులు. 2016లో అమెరికా మానసిక వైద్యుడు జాన్ గ్రాంట్ బృందం చర్మం గిల్లుకునే 66 మందికి 12 వారాలు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ గానీ, ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చింది. బాగా మెరుగైనవాళ్లు మందు తిన్నవాళ్లలో 47 శాతం, ఉత్తుత్తి మాత్రవాళ్లలో 19 శాతం. 2023లో అదే గ్రాంట్ బృందం, మతిమరుపు జబ్బుకు వాడే మెమాంటిన్‌ను జుట్టు పీక్కునేవాళ్లు, చర్మం గిల్లుకునేవాళ్లు కలిపి 100 మందిలో పరీక్షించింది. ఎనిమిది వారాలకు మెమాంటిన్‌తో 60 శాతం మంది బాగా మెరుగయ్యారు, ఉత్తుత్తి మాత్రతో 8 శాతం. పూర్తిగా మానేసినవాళ్లు మాత్రం కొద్దిమందే. ఈ రెండూ మన మందుల షాపుల్లో దొరికేవే. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కఫం కరగడానికి ఇచ్చేదే. అంత తేలిగ్గా దొరుకుతాయి కాబట్టే భయం కూడా. ఉబ్బసం ఉన్నవాళ్లు దానితో జాగ్రత్తగా ఉండాలి, మెమాంటిన్‌తో తల తిరగవచ్చు. డాక్టరు చెప్పకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. దిగులు, ఆందోళన కూడా ఉన్నవాళ్లకు ఫ్లూఆక్సెటిన్ లాంటివి ఇస్తారు.

మన చర్మవైద్యులు ఒక్క ప్రశ్న కలిపితే చాలు: “మీకు తెలియకుండా చెయ్యి అక్కడికి పోతుందా?” అది కూడా గది బయటికి అమ్మను పంపి అడగాలి. గజ్జి, తామర, కిడ్నీ జబ్బు వల్ల వచ్చే దురద లాంటివి ఉన్నాయేమో ముందు చూడాలి. దురద ఉంటే దానికి మందు వేరు. అవేవీ కాకపోతే మచ్చల క్రీముతో పాటు సైకాలజిస్టు పేరు కూడా చీటీ మీద రాయాలి. దగ్గర్లో సైకాలజిస్టు లేని ఊరివాళ్లు టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. ఈ ఫోను సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మొటిమల సంగతితో మొదలుపెట్టకుండా, “నా చర్మాన్ని నేనే గిల్లుకుంటున్నాను, ఆపుకోలేకపోతున్నాను” అని మొదటి మాటగా చెప్పేస్తే అవతలివాళ్లు సరైన చోటికి పంపగలుగుతారు.