పొరుగింటి కలతలు – మన రాయబారము

పొరుగు రాజ్యమున అలజడి చెలరేగినప్పుడెల్ల మన పట్టణముల పఠనమందిరములలో రెండు అభిప్రాయములు వినవచ్చుచుండును. వారి యిల్లు వారు చక్కదిద్దుకొనిన పిమ్మట మాటాడవచ్చునని కొందరందురు. వారి కలతయే మనకు అదను, ఇప్పుడే బిగింపవలెనని మరికొందరందురు. ఈ రెండును పొరపాటనియే మా నిశ్చితాభిప్రాయము. మనకు ప్రతికక్షియగు ప్రభుత్వము తన యింట తల్లడిల్లుచున్నప్పుడే దానితో చిన్నవియు, స్పష్టమైనవియు, గడువు గలవియు నగు ఒడంబడికలు చేసికొనవలెను. దయాధర్మముల మాట యటుంచి, లాభనష్టముల లెక్క చూచినను ఇదియే మేలు. ఈ లెక్క యెట్టిదో శ్రీకాకుళ, విజయనగర మండలముల కడలియొడ్డు పేటలు అనుభవముచే నెరుగును.

సొంత తీరమున వేట చాలక, పడవలు నిలుపుకొను రేవులు చాలక, ఈ పేటల పడుచువారు గుజరాతునందలి వేరావలునకు పోయి అచటి మరపడవలలో కూలికి కుదురుచుందురు. 2018 నవంబరులో అట్లు పోయినవారిని అరేబియా సముద్రమున పాకిస్థాను సముద్ర రక్షక దళము పట్టుకొని కరాచీ చెరసాలకు పంపెను. నీటిపై గట్టు లేదు, హద్దురాయి లేదు. సర్ క్రీక్ కడ ఇరు రాజ్యముల సముద్రపు హద్దు నేటికిని తేలినది కాదు. ప్రభుత్వములే తేల్చుకొనలేని హద్దును దాటెనని కూలివానికి చెర!

ఆ పిదప జరిగినది పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో మన సైనికుల నెత్తురు చిందినది. 26న మన విమానములు బాలాకోటుపై దాడి సల్పెను. ఏప్రిలులో పాకిస్థాను 355 మంది భారత మత్స్యకారులను విడిచెను గాని మనవారు అందు లేరు. ఆగస్టులో కాశ్మీర ప్రతిపత్తి మారగనే ఆ ప్రభుత్వము మన హైకమిషనరును పంపివేసి వర్తకమును నిలిపెను. అంతలో దాని యింటనే కల్లోలము మొదలయ్యెను. అక్టోబరు కడపట మౌలానా ఫజలుర్ రహమాను వేలాది జనముతో ఇస్లామాబాదునకు నడచి, ప్రధాని ఇమ్రాను ఖాను దిగవలెనని పట్టుబట్టెను. నవంబరులో అచటి సుప్రీముకోర్టు సేనాధిపతి పదవీకాలపు పొడిగింపును ఆపెను. డిసెంబరులో మాజీ అధ్యక్షుడు ముషారఫునకు మరణశిక్ష పడెను. ఇట్టి సమయమున మనవారి గతి యేమని యెవరికైనను సందేహము గలుగును. అయినను 2020 జనవరి 6న 20 మంది ఆంధ్ర మత్స్యకారులు వాఘా ద్వారము దాటి స్వదేశమున అడుగిడిరి. వారిలో పెక్కురు మన రెండు మండలములవారే. వీరి కథ ఆధారముగ 2025లో 'తండేల్' చలనచిత్రము వెలువడినది. దానిని జూచి కంట తడిపెట్టినవారు ఇట్టి విడుదలలకు దారి చూపు కాగితమేదని యడిగినట్లు మాకు తోపదు.

కుటుంబముల మొర, మన ప్రభుత్వముల ప్రయత్నము ఆ విడుదలకు తోడ్పడినవి. కాని ఆ ప్రయత్నములు నడచుటకు ముందే యొక బాట వేయబడియున్నది. అది 2008 మే 21 నాటి కాన్సులర్ ఒడంబడిక. ఏటేట జనవరి 1న, జూలై 1న ఉభయులును తమ చెరలలోనున్న ఎదుటి దేశస్థుల జాబితాలను మార్చుకొనవలెను. పట్టుబడినవానిని మూడు మాసములలో స్వదేశపు దౌత్యాధికారి చూచుటకు వీలు కల్పింపవలెను. శిక్ష ముగిసి, జాతీయత నిర్ధారణయైన నెలలోపల విడిచి పంపవలెను.

ఈ ఒడంబడిక కుదిరిన కాలమెట్టిది? బేనజీరు భుట్టో హత్య జరిగి అయిదు నెలలు కాలేదు. ఎన్నికలలో కొత్త ప్రభుత్వము వచ్చినను ముషారఫు ఇంకను అధ్యక్ష పీఠము దిగలేదు. న్యాయమూర్తుల పునర్నియామకముపై తగవుపడి నవాజు షరీఫు పక్షపు మంత్రులు రాజీనామా లిచ్చిరి. ఆ వేడి చల్లారకముందే మన విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ ఇస్లామాబాదునకు వెళ్లిరి. వారి యిల్లు చక్కబడువరకు వేచియుండిన యెడల పని జరిగియుండెడిదా? ఆగస్టులో ముషారఫు గద్దె దిగెను. నవంబరులో ముంబయిపై ముష్కరుల దాడి జరిగెను. ఆ దాడి పిదప ఇట్టి ఒడంబడికకు ఎవరు చేయి చాపియుందురు?

ఇంతకు పూర్వపు దృష్టాంతము మరియొకటి కలదు. 1988 ఆగస్టులో జియా ఉల్ హక్ విమాన ప్రమాదమున మరణించెను. డిసెంబరులో బేనజీరు ప్రధానియయ్యెను. ఆమె పీఠమెక్కి నెల తిరుగకయే, డిసెంబరు 31న, రాజీవ్ గాంధీ ఆమెతో అణుకేంద్రములపై దాడి చేయరాదను ఒడంబడిక కుదుర్చుకొనిరి. రెండేండ్లు నిండకమునుపే ఆమె పదవి పోయినది. ఒడంబడిక పోలేదు. 1992 మొదలు ఏటేట జనవరి 1న అణుకేంద్రముల జాబితాలు మారుచునే వచ్చినవి. కార్గిలు యుద్ధము సయితము దాని నాపలేదు.

1999 ఫిబ్రవరిలో వాజపేయి లాహోరు యాత్రకు దేశమెల్ల పొంగిపోయినది. మూడు మాసములలో కార్గిలు కొండలపై ఫిరంగులు మ్రోగినవి. అక్టోబరులో నవాజు షరీఫును సేన కూలద్రోసినది. ఆ యాత్రను మేము తప్పుపట్టము. కాని మహామైత్రి ఒక మనుష్యుని పదవిపై నిలిచియుండును. తేదీ గల చిన్న విధి గుమాస్తా బల్లమీద నిలుచును. ప్రధాని మారినను గుమాస్తా మారడు.

అదను జూచి బిగింపుడను వారికి మన గడ్డ చరిత్రయే ప్రత్యుత్తరము. 1758లో విజయనగర ప్రభువు ఆనంద గజపతి రాజు ఫ్రెంచివారిపై తిరుగబడి ఆంగ్లేయులను పిలిపించెను. మరుసటి యేడు కర్నల్ ఫోర్డు బందరు కోటను పట్టెను. ఫ్రెంచివారికి తోడు వచ్చిన సలాబతు జంగు, తన తమ్ముడు నిజాం అలీ హైదరాబాదుపైకి వచ్చుచున్నాడని విని తత్తరపడి, మే 14న బందరు సీమను ఆంగ్లేయులకు ధారపోసి సంధి చేసికొనెను. ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగినట్లు! పిమ్మట ఢిల్లీ పాదుషా ఫర్మానా తెచ్చి సర్కారులను కైవసము చేసికొనిరి. 1766లో నిజాం అలీ దానికి తల యొగ్గెను. 1767లోనే హైదరుతో కూడి వారిపై కత్తి దూసెను. ఆపత్కాలమున గుంజుకొన్నది ఎదుటివానికి బలము చేకూరగనే తగవగును.

పైని చెప్పినది పాకిస్థానునకే పరిమితము కాదు. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా ఢాకా విడిచి మన దేశము చేరిరి. అచటి తాత్కాలిక ప్రభుత్వమునకును మనకును మాటలు కరకుదేరినవి. అట్టి దినములలోనే డిసెంబరు 9న మన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రి ఢాకాకు వెళ్లిరి. 2025 జనవరి 5న సముద్రపు హద్దుకడ 95 మంది భారత మత్స్యకారులు, 90 మంది బంగ్లా మత్స్యకారులు తమ తమ దేశములకు చేరిరి. ఆ యేటి అక్టోబరులో మన విజయనగర మండలపు మత్స్యకారులు కొందరు ఆ దేశపు జలములలో చిక్కుకొనిరి. ఒకప్పుడు పడమటి కడలి కష్టమే మనది. ఇప్పుడు తూర్పు కడలి కష్టమును మనదే.

శత్రువుతో మాటలాడుట అవమానమని కొందరందురు. పుల్వామాను తలచుకొని యనువారి నొప్పిని మేమెరుగుదుము. కాని 2025 మేలో నాలుగు దినములు ఇరు సేనలు తలపడిన పిదప, రెండు నెలలు నిండకయే, జూలై 1న జాబితాలు మారినవి. ఎవరి గౌరవమును తరుగలేదు. పాకిస్థాను చెరలలో 193 మంది భారత మత్స్యకారులున్నారని ఆ జాబితా వలననే మనకు తెలిసినది.

జాబితా మారుచున్నది గాని, నెలలోపల విడువవలెనను షరతు మాత్రము కాగితముపైననే యున్నది. శిక్ష తీరినవాడును, ఎదుటి ప్రభుత్వమునకు మెహర్బానీ చూప బుద్ధి పుట్టువరకు చెరలోనే మ్రగ్గుచున్నాడు. న్యాయము ప్రకారము రావలసిన విడుదల బహుమానముగ వచ్చుచున్నది. ఈ ఖైదీల స్థితి విచారించుటకు ఇరు దేశముల మాజీ న్యాయమూర్తులతో 2007లో ఏర్పడిన సంఘము 2013 తరువాత ఏండ్ల తరబడి కదలలేదు. దానిని మరల నడిపించుట మన ప్రభుత్వము చేయవలసిన మొదటి పని. ఇస్లామాబాదులో ఎవరు గద్దెపై నున్నను, ఎవరు వీధిలో నున్నను, ఈ యొక్క కోరికను విడువక పంపుచుండవలెను. మన చెరలలోని వారి మత్స్యకారుల విషయమున అదే షరతును మనము ముందుగ పాటించిన, అడుగుటకు మనకు నోరుండును.

జనవరి 1, జూలై 1 దాటగనే పత్రికలలో వెలువడు సంఖ్యలను పఠనమందిరములలో బిగ్గరగ చదువుడు. అందు శిక్ష తీరినవారెందరని మీ పార్లమెంటు సభ్యునకు ఉత్తరము వ్రాసి ప్రత్యుత్తరము వచ్చువరకు విడువకుడు. సొంత తీరమున రేవులు కట్టించి వలసను తగ్గింపుడని రాష్ట్ర ప్రభుత్వము నడుగుడు. పేటలలోని తల్లులకు విదేశాంగ శాఖ తలుపులెటనున్నవో తెలియవు. చదువు నేర్చిన మనము వారి పక్షమున ఆ తలుపులు తట్టవలెను.