పాత దస్తావేజు చెప్పే పాఠం

ఇల్లు కొనేముందు మనం తూర్పు గుమ్మమా, స్కూలు మంచిదేనా, ఆఫీసు ఎంత దూరం అని పదిసార్లు చూసుకుంటాం. పాత కాగితాల సంగతి మాత్రం టైటిల్ కంపెనీకి వదిలేసి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేస్తాం. పాత ఇల్లు కొన్నవాళ్లం ఒక్కసారైనా కౌంటీ రికార్డర్ ఆఫీసుకు వెళ్లాలి. మనకు అమ్మినవారు, వారికి అమ్మినవారు అంటూ వెనక్కి వెళ్తే దస్తావేజులు ఒక్కొక్కటే బయటపడతాయి. ఆ ఇంట్లో ఎవరుండేవారో, ఏం పని చేసేవారో 1950 వరకు జరిగిన జనాభా లెక్కల్లో వెతుక్కోవచ్చు.

కొన్ని దస్తావేజుల్లో తెల్లవారు తప్ప ఎవరూ ఉండరాదన్న షరతు కనబడుతుంది. సెయింట్ లూయిస్‌లో లబాడీ అవెన్యూలోని 4600 నంబరు ఇంటికి 1911 నాటి ఒప్పందం ఉంది. నల్లజాతివారు, మంగోలు జాతివారు అక్కడ ఉండకూడదట! 1945లో ఆ ఇల్లు కొన్న షెల్లీ అనే నల్లజాతి కుటుంబాన్ని ఖాళీ చేయించాలని ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధిస్తూ 1968లో ఫెడరల్ చట్టం వచ్చింది. ఈరోజు మన గృహప్రవేశాలు వాళ్ల పోరాటం పుణ్యమే.

మరి మనమో? బేస్‌మెంట్ అద్దెకిచ్చేటప్పుడు ‘ఏ ఊరు, ఇంటిపేరేంటి, మనవాళ్లేనా?’ అని ఆరా తీయడం మానామా? వాళ్ల షరతు కాగితం మీద ఉండేది, మనది నోటి మీద ఉంది. అంతే తేడా.